స్థలమూ, దారీ: జంషెడ్పూరు చరిత్రలో మతము, రాజకీయము

జంషెడ్జీ నస్సర్వాన్జీ టాటా 1902లో తన కుమారుడు దొరాబ్జీకి ఒక ఉత్తరము వ్రాసినాడు. అప్పటికి ఉక్కు కర్మాగారము కట్టలేదు. కట్టవలసిన స్థలమైనను దొరకలేదు. అయినను ఆ కర్మాగారము చుట్టు వెలయవలసిన పట్టణము ఆయన కన్నులకు కట్టినట్లున్నది. వీథులు విశాలముగా ఉండవలెను. త్వరగా పెరిగి నీడనిచ్చు చెట్లు నాటవలెను. తోటలకును, ఆటస్థలములకును చోటు ధారాళముగా విడువవలెను. హిందువుల దేవాలయములకు, మహమ్మదీయుల మసీదులకు, క్రైస్తవుల చర్చీలకు ముందుగానే స్థలములు కేటాయించవలెను. ఆయన కుమారునికి ఇచ్చిన సూచనల సారాంశమిది. మరి రెండేండ్లకు, 1904లో, జర్మనీలో ఆయన కన్ను మూసినాడు. ఊరు చూడలేదు, ఉక్కు చూడలేదు.

ఈ ఉత్తరమును మెచ్చుకొనువారు చాలమంది కలరు. అందు లేనిదానిని గమనించినవారు తక్కువ. జంషెడ్జీ పార్సీ, నవసారిలో తరతరములుగా పౌరోహిత్యము చేసిన కుటుంబమున పుట్టినవాడు. ఆ వంశమున వ్యాపారములో మొదట అడుగు పెట్టినవాడు ఆయన తండ్రియే. అట్టివాడు భావి పట్టణమున మూడు మతములకు చోటు చూపుచు, తమ అగ్ని దేవాలయమును పేర్కొనలేదు. మరచినాడనుటకు వీలులేదు, పుట్టుకతో వచ్చిన మతమును మరచు వంశము కాదది. విదేశములలో ఉన్నతవిద్య నభ్యసించు విద్యార్థులకై ఆయన 1892లో నెలకొల్పిన నిధి మొదట పార్సీలకే పరిమితమై ఉండెను. రెండేండ్లు తిరుగక ముందే దానిని భారతీయులందరికిని తెరచినాడు. తన మతము తన ఇంటిది, తాను పదిమందికై కట్టునది పదిమందిది అను విభజన ఆయన మనసులో స్పష్టముగానే ఉన్నట్లు తోచును.

అయితే ఆ ఉత్తరములో లేని మరియొక పేరు కూడ కలదు. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలియుచోట కర్మాగారమునకు ఎన్నుకొన్న సాక్చి అప్పటికి చిన్న పల్లె. చుట్టును సంతాలులు, హో జాతివారు, ముండాలు, భూమిజులు. వారి దేవతలకు గోడలు లేవు, గోపురములు లేవు. ఊరి అంచున గొడ్డలి తగులని సాలవృక్షముల తోపే వారి పుణ్యస్థలము. పటము గీచువాని కంటికి అది అడవిగానే కనబడును. తన మతమును జంషెడ్జీ తానుగా విడిచినాడు. వీరి మతము ఆయన ఎరుకలోనే లేదు. ఈ రెండు మౌనములును ఒక్కటి కావు.

1907లో కంపెనీ ఏర్పడినది. 1911లో కొలుములనుండి మొదటి ఇనుము, 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు దిమ్మ వెలువడినవి. మొదటి ప్రపంచ యుద్ధములో ఈ కర్మాగారము అందించిన పట్టాలకు కృతజ్ఞతగా 1919 జనవరి 2న రాజప్రతినిధి చెమ్స్‌ఫర్డు సాక్చికి జంషెడ్పూరని పేరు పెట్టినాడు. కాళీమాటి రైలుస్టేషను టాటానగరమైనది. పట్టణ నిర్మాణమును ఒకరి తరువాత ఒకరు తీర్చిదిద్దినారు: కెన్నెడీ, టెంపుల్, స్టోక్సు, చివరకు 1944-45 ప్రాంతమున ఓటో కోనిగ్స్‌బర్గర్. ఈ చివరి వ్యక్తి యూదు సంతతివాడు. హిట్లరు ప్రభుత్వము ఉద్యోగము తీసివేయగా బెర్లిను విడిచి, మైసూరు సంస్థానమున కొలువు చేసినవాడు. పుట్టుకను బట్టి పౌరులను వేరుచేసిన రాజ్యమెట్లుండునో ఆయనకు ఎవరును చెప్పనక్కరలేదు.

వ్యవస్థాపకుని మాట కంపెనీ నిలుపుకొన్నది. గుడులు, మసీదులు, చర్చీలు, గురుద్వారములు, పార్సీల ప్రార్థనామందిరము కూడ వెలసినవి. ఉత్తర సర్కారులనుండి పనికి వచ్చిన తెలుగువారు బిష్టుపూరులో శ్రీరామ మందిరము కట్టుకొన్నారు. ఉద్యోగుల ఇండ్లు హోదాను బట్టి పంచబడినవే గాని మతమును బట్టి కాదు. కావున కంపెనీ వాడలలో ఒకే వరుసన బెంగాలీ బ్రాహ్మణుడు, పఠాను, కేరళ క్రైస్తవుడు, పంజాబీ సిక్కు కాపురముండుట వింత గాదు. ఇది అరుదైన సంగతియే. కాని ఇచ్చట ఒక మాట చెప్పవలసి యున్నది. ఈ సమదృష్టి భూస్వామి సమదృష్టి. నేల కంపెనీది, పరిపాలన కంపెనీది, పౌరులు ఎన్నుకొన్న పురపాలక సంఘము లేదు. 1924లో ఏర్పడిన నోటిఫైడ్ ఏరియా కమిటీ కూడ ఎన్నికల వలన పుట్టినది కాదు. ఓటు లేనిచోట మతమును రాజకీయమునుండి వేరుగా ఉంచుట కష్టము కాదు. పరీక్ష వేరొకచోట జరిగినది.

అది కార్మికుల నడుమ జరిగినది. 1920 సమ్మెలో జంషెడ్పూరు లేబర్ అసోసియేషను పుట్టినది. 1925 ఆగస్టులో గాంధీజీ వచ్చి యాజమాన్యమునకును సంఘమునకును సంధి కుదుర్చుటకు తోడ్పడినారు. క్రైస్తవ మతాచార్యుడుగా ఇండియాకు వచ్చిన సి. ఎఫ్. ఆండ్రూసు ఆ సంఘమునకు అధ్యక్షుడుగా ఉండినాడు. 1928లో నెలల తరబడి సమ్మె, లాకౌటు సాగినప్పుడు సుభాస్ చంద్ర బోసు సంఘ నాయకత్వము స్వీకరించి సెప్టెంబరులో ఒడంబడిక చేసినాడు. ఆ ఒడంబడిక చాలదని ఎదురు తిరిగి వేలమందిని తనవెంట తీసుకొనిపోయినవాడు మానెక్ హోమీ అను న్యాయవాది. ఆయన పార్సీ. పార్సీల కంపెనీపై కార్మికులను నడిపించినవాడు పార్సీ. రాజీకి రమ్మన్నవాడు బెంగాలీ హిందువు. ఈ తగవులో కూలి ఎంత, పని గంటలెన్ని, తొలగించినవారిని మరల చేర్చుకొందురా లేదా అనునవే ప్రశ్నలు. నాయకుని మతము కార్మికునికి తెలియనిది కాదు. తెలిసియు లెక్కలోనికి తీసికొనలేదు.

అట్టి అలవాటు ఉండబట్టియే 1930 దశకము చివర ప్రొఫెసరు అబ్దుల్ బారీ రాగలిగినాడు. బీహారు కాంగ్రెసువాడు, 1937లో ఏర్పడిన శాసనసభకు ఉపసభాపతి. చీలికలతో నీరసించిన సంఘమును ఆయన మరల నిలబెట్టినాడు. టాటా వర్కర్స్ యూనియను అను పేరు దానికి ఆయన కాలముననే స్థిరపడినది. అది ఎట్టి కాలము? ముస్లిము లీగు బలము ఏటేట పెరుగుచున్నది. ముస్లిముల తరపున మాటాడుటకు ముస్లిము లీగుకే హక్కు అని వాదము. ఈ వైపున ముస్లిము నాయకుడన్న అనుమానించు హిందువులకును కొదువ లేదు. అట్టి పది సంవత్సరములు అధిక సంఖ్యాకులు హిందువులైన కార్మికులకు ఒక ముస్లిము నాయకుడై ఉండినాడు. వారిని మతసామరస్య వ్యాసములతో ఒప్పించలేదు. వారి జీతములకై పోరాడినాడు, అంతే.

1946 శరత్కాలమున బీహారు పల్లెలలో వేలాది ముస్లిములు హత్యకు గురియైనారు. మరుసటి మార్చిలో గాంధీజీ ఆ గాయములను చూచుటకు బీహారు వచ్చినారు. అప్పటికి రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షుడు బారీయే. 1947 మార్చి 28న పట్నాకు చేరువలో ప్రయాణమున ఉండగా ఒక సాయుధ గార్డుతో మాటా మాటా పెరిగి, ఆ తుపాకికి ఆయన బలియైనాడు. గాంధీజీ ఆయన ఇంటికి వెళ్ళి కుటుంబమును పరామర్శించినారు. యూనియను అధ్యక్ష పదవి ఆయన తరువాత మైకేల్ జానుకు వచ్చినది. ఈయన క్రైస్తవుడు, మూడు దశాబ్దములు, 1977లో మరణించువరకు, ఆ స్థానమున ఉండినాడు. సాక్చిలో బారీ పేర ఒక మైదానము నేటికిని ఉన్నది.

జంషెడ్పూరు అనుభవముతో చేసిన పనిని దేశము శాసనముతో చేయజూచిన సందర్భమును ఇక్కడ తలచుకొనుట తగును. అది తెలుగుదేశపు మనిషి చేసిన పని కూడ. గాంధీజీ హత్య జరిగిన రెండు నెలలకు, 1948 ఏప్రిల్ 3న, తిరుపతి న్యాయవాది మాడభూషి అనంతశయనం అయ్యంగారు రాజ్యాంగసభలో ప్రవేశపెట్టిన తీర్మానము ఆమోదము పొందినది. మత, జాతి, కులములను బట్టి సభ్యులను చేర్చుకొనునట్టి, లేక వెలివేయునట్టి సంస్థ ఏదియు తన వర్గపు మత, సాంస్కృతిక, సాంఘిక, విద్యావిషయములైన నిజమైన అవసరములను దాటి పోరాదని దాని తాత్పర్యము. ప్రధాని నెహ్రూ దానిని స్వాగతించినాడు. అయ్యంగారు నాస్తికుడు కాడు, వేంకటేశ్వరుని పాదముల చెంత పెరిగిన వైష్ణవుడు. గుడికి పోవువాడే గుడిని శాసనసభలోనికి తేవద్దన్నాడు. పడమటి దేశముల లౌకికవాదమునకును మనదానికిని గల తేడా ఇందులో కొంత కానవచ్చును. కాని ఆ తీర్మానము తీర్మానముగానే మిగిలినది. దానిని అమలుపరచు చట్టమేదియు రాలేదు.

జంషెడ్పూరుకు మొదటి పెద్ద దెబ్బ 1964 మార్చిలో తగిలినది. తూర్పు పాకిస్తానునుండి పారిపోయి వచ్చిన హిందూ శరణార్థుల రైళ్ళు దండకారణ్యమునకు పోవుచు ఈ స్టేషనుల మీదుగా సాగినవి. వారి కథలు ప్లాట్‌ఫారములు దాటి బస్తీలలోనికి వ్యాపించినవి. జంషెడ్పూరులోను, రూర్కేలాలోను రక్తము పారినది. ఢాకా దిక్కున జరిగిన పాపమునకు కొలిమి ముందు పనిచేయు ముస్లిము ఏ విధముగా బాధ్యుడో ఎవరును అడుగలేదు. యూనియను ఉన్నది, కాని యూనియను గేటు దగ్గర ఆగిపోవును. సాయంకాలము కార్మికుడు ఇంటికి పోవును. ఆ ఇల్లు కంపెనీ వాడలో ఉన్నచో ఒక మాట. నదికి ఆవల మాంగోలోను, పట్టణపు అంచులలోను ప్రణాళిక లేక పెరిగిన బస్తీలలో మనుష్యులు భాషను బట్టి, కులమును బట్టి, మతమును బట్టి గుంపులుగా చేరియుండిరి. అచ్చట జంషెడ్జీ ఉత్తరము చెల్లలేదు.

తెలుగు పాఠకునకు శ్రీరామనవమి అనగా చలువపందిరి, సీతారామ కల్యాణము, పానకము, వడపప్పు. ఛోటానాగపూరులో ఆ పండుగకు వేరు రూపము కలదు. అఖాడాలనుండి హనుమంతుని ధ్వజములు ఎత్తుకొని, కర్రసాము, కత్తిసాము చేయుచు యువకులు ఊరేగుదురు. 1978లో డిమ్నా బస్తీ అఖాడావారు తమ ఊరేగింపు ముస్లిములు నివసించు సాబిర్‌నగరు దారిన పోవలెనని కోరగా అధికారులు ఒప్పుకొనలేదు. ఏడాది పొడుగున ఆ దారి ఒక రాజకీయ ప్రశ్న అయినది. కరపత్రములు, సభలు, బజారు మూతలు. స్వదేశములో తన దేవుని ఊరేగింపుకు దారి లేదా అని ఒకరు. వేరే దారి ఉండగా మా ఇండ్ల ముందునుండియే ఎందుకని మరియొకరు. దేవుడు ఏ దారిన వెళ్ళిన ఏమగునని అడిగిన భక్తుడు ఉండియుండవచ్చును. వాని మాట వినబడలేదు.

1979 ఏప్రిల్ 11న ఊరేగింపు బయలుదేరినది. ఒక రాజీ కుదిరినదని అందరును తలచిరి. దారిలో మసీదు దగ్గర ఊరేగింపు నిలిచిపోయినది. రాళ్ళు, ఆ వెనుక మంటలు. సర్కారు లెక్క ప్రకారము చనిపోయినవారు 108 మంది. అందులో ముస్లిములే అధికము. మృతులలో ఉర్దూ కథకుడు జకీ అన్వరు ఒకడు. హిందూ ముస్లిముల మైత్రికై నిరాహారదీక్ష పట్టినవాడాయన. తన ఇంటిని విడిచిపోవుటకు ఒప్పుకొనక, ఆ ఇంటనే హతుడైనాడు.

మాజీ న్యాయమూర్తి జితేంద్ర నారాయణ్ అధ్యక్షతన నియమింపబడిన విచారణ సంఘము 1981లో నివేదిక సమర్పించినది. అల్లర్లకు తగిన వాతావరణమును కల్పించినందుకు రాష్ట్రీయ స్వయంసేవక సంఘమును, ఊరేగింపులో పాల్గొన్న స్థానిక శాసనసభ్యుడు దీనానాథ్ పాండేను ఆ నివేదిక తప్పుపట్టినది. ఈ నివేదికలో గమనింపదగినది దోషుల పేర్లకంటె ఆ నిర్ణయమునకు వచ్చిన తీరు. భక్తి అడిగినది ఒక ఊరేగింపు; ఆ దారియే కావలెనన్నది భక్తి కాదు. పాండే 1980లోను, 1990లోను జంషెడ్పూరు తూర్పు నియోజకవర్గము నుండి మరల ఎన్నికైనాడు. విచారణ సంఘము చెప్పినది ఒకటి, ఓటరు చెప్పినది మరొకటి.

1976లో రాజ్యాంగ పీఠికలో లౌకిక అను పదము చేరినది. ఎన్నికలలో మతము పేర ఓటు అడుగరాదను నిషేధము 1951 చట్టమునుండియే ఉన్నది. ఆ నిషేధము అభ్యర్థి మతమునకు మాత్రమేనా, ఓటరు మతమునకు కూడనా అను వివాదమును సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తులు 2017 జనవరి 2న తేల్చిరి. నలుగురు రెంటికిని వర్తించునన్నారు. ముగ్గురు విభేదించిరి: మతము కారణముగానో, కులము కారణముగానో అన్యాయమునకు గురియైనవారు ఆ మాట ఎత్తకుండ ఓటు ఎట్లడుగుదురని వారి ప్రశ్న.

ఆ ముగ్గురి ప్రశ్న జంషెడ్పూరు పరిసరములలో వట్టి తర్కము కాదు. 2000లో ఝార్ఖండు రాష్ట్రమైనది. 1902 ఉత్తరములో చోటు దొరకని సాలవృక్షముల మతమును సర్నా అందురు. 2011 జనాభా లెక్కల పత్రములో ఆరు మతములకు గళ్ళు ఉన్నవి, సర్నాకు లేదు, దానిని ఇతరములలో వ్రాయించుకొనవలసి వచ్చినది. ప్రత్యేకముగా ఒక గడి కావలెనని ఆదివాసులు సభలు జరిపినారు, ఊరేగినారు, శాసనసభ్యులను నిలదీసినారు. 2020 నవంబరు 11న ఝార్ఖండు శాసనసభ ప్రత్యేక సమావేశములో ఆ కోరికను ఏకగ్రీవముగా తీర్మానించి కేంద్ర ప్రభుత్వమునకు పంపినది.