పోస్టాఫీసు అకౌంటు అంటే ఏది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో పోస్టాఫీసు కౌంటరు ముందు వినపడే ప్రశ్న ఒకటే: "నా దుడ్లు ఏ అకౌంట్లో పడినాయి సార్?" అడిగే మనిషి చేతిలో పాస్‌బుక్ ఉంటుంది, ఇంట్లో కొడుకు ఫోన్లో యాప్ ఉంటుంది. రెంటి మీదా తపాలా శాఖ పేరే. కానీ పాస్‌బుక్‌లో కనిపించని డబ్బు యాప్‌లో ఉంటుంది. అందుకే ఈ వ్యవహారంలో వాడే మాటలను ఒక్కొక్కటే విప్పి చెప్పుకోవాలి.

పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు. పాతది ఇది. 1873 నాటి చట్టం కింద నడుస్తున్న ఖాతా, తపాలా కార్యాలయాల్లో 1882 నుంచి ఉంది. సొమ్ముకు కేంద్ర ప్రభుత్వమే పూచీ. ఖాతాలో కనీసం 500 రూపాయలు ఉంచాలి. భార్యాభర్తలు ఉమ్మడిగా తెరవొచ్చు. వడ్డీ ఏటా 4 శాతం. లెక్క కట్టే పద్ధతి మాత్రం చాలామందికి తెలియదు. నెలలో 10వ తేదీ నుంచి ఆఖరి రోజు వరకు ఖాతాలో ఉన్న అతి తక్కువ నిల్వ మీదే ఆ నెల వడ్డీ. పాల డబ్బు 12న వేస్తే దానికి ఆ నెల వడ్డీ రాదు.

ఐపీపీబీ. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు. పోస్టాఫీసులోనే కనిపిస్తుంది, పోస్టుమ్యానే వేలిముద్ర తీసుకుని తెరుస్తాడు. అయినా ఇది వేరే సంస్థ. 2016లో తపాలా శాఖ కింద కంపెనీగా రిజిస్టరైంది, వాటా మొత్తం కేంద్రానిదే. 2018 సెప్టెంబరు 1న దేశమంతటా మొదలైంది. దీని మీద అజమాయిషీ రిజర్వు బ్యాంకుది. కనీస నిల్వ అక్కర్లేదు, ఉమ్మడి ఖాతా లేదు, అప్పులివ్వదు. వడ్డీ 2 శాతం దరిదాపుల్లోనే. డబ్బు దాచుకోవడానికి సేవింగ్స్ బ్యాంకు, తీసుకోవడానికీ పంపడానికీ ఐపీపీబీ అని నేను చెబుతాను. పోస్టాఫీసువాళ్లు ఇంత సూటిగా చెప్పరు, రెండూ తమవే కదా!

రెండు లక్షలు. పేమెంట్స్ బ్యాంకులో రోజు ముగిసేసరికి ఒక ఖాతాలో ఉండదగ్గ గరిష్ఠ మొత్తం. మొదట లక్షే, 2021 ఏప్రిల్లో రిజర్వు బ్యాంకు రెండు లక్షలు చేసింది. కూలి డబ్బు పడే ఖాతాకు ఈ గీత ఎప్పుడూ అడ్డు రాదు. టమోటా రైతుకు వస్తుంది. 2023 జూలైలో మదనపల్లె యార్డులో కిలో నూటయాభై దాటిన రోజుల్లో ఒక్క లోడు డబ్బే ఈ హద్దు దాటేది. ఈ హద్దు ఉన్నందుకే ఐపీపీబీ ఖాతాను సేవింగ్స్ బ్యాంకు ఖాతాతో కలిపే వీలు పెట్టారు. అలా కలిపిన ఖాతాలో రెండు లక్షలకు మించింది సేవింగ్స్ బ్యాంకులోకి మళ్లుతుంది. లింకు చేశామన్న సంగతే మరిచినవాళ్లకు అది డబ్బు మాయమైనట్టుంటుంది.

ఐఎఫ్ఎస్‌సీ. బ్యాంకు కోడు. రెండు ఖాతాలనూ చూడగానే పట్టించే గుర్తు ఇదే. రెండు కోడ్‌లూ ఐపీఓఎస్ అనే మొదలవుతాయి, చివరే తేడా. సేవింగ్స్ బ్యాంకుది నాలుగు సున్నాల తర్వాత డీఓపీ. ఐపీపీబీది ఆరు సున్నాల తర్వాత ఒకటి. కుప్పం నుంచి పొద్దున్నే రైలెక్కి బెంగళూరులో పనికి పోయే కుర్రాడు జీతం కోసం ఒక ఖాతా నంబరూ ఇంకో ఖాతా కోడూ కలిపి ఇచ్చాడనుకోండి. ఆ నంబరు ఆ బ్యాంకులో ఉండదు, జీతం వెనక్కి పోతుంది. ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు డబ్బు పంపే నెఫ్ట్ సేవింగ్స్ బ్యాంకుకు 2022 మేలోనే వచ్చింది. అంతకు ముందు ఈ చిక్కే లేదు.

సీఐఎఫ్. ఖాతాదారు నంబరు. పాస్‌బుక్ మీదా ఉంటుంది, ఐపీపీబీ కాగితం మీదా ఉంటుంది. ఆ రెండు నంబర్లూ ఒకటి కాదు. యాప్ "వివరాలు సరికావు" అంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఎన్‌పీసీఐ లింకు. ఆధార్ నంబరును బ్యాంకు ఖాతాతో కలపడం. అసలు చిక్కంతా ఇక్కడే. ప్రభుత్వ పథకాల డబ్బు చాలావరకు ఖాతా నంబరు చూసి కాదు, ఆధార్ చూసి వస్తుంది. ఒక ఆధార్‌కు ఒక బ్యాంకే, చివరగా లింకు చేసినదే లెక్క. బడి పిల్లల తల్లులకు ప్రభుత్వమిచ్చే తల్లికి వందనం డబ్బు కోసమని ఐపీపీబీ తెరిచి ఆధార్ లింకు చేయించుకున్న తల్లికి ఆ తర్వాత గ్యాస్ సబ్సిడీ, ఉపాధి హామీ కూలి కూడా అందులోకే మళ్లొచ్చు. ఆమె పాత బ్యాంకు పాస్‌బుక్ అచ్చు వేయించుకుని, కొత్త పద్దు కనిపించక డబ్బు రాలేదని సచివాలయం చుట్టూ తిరుగుతుంది. రాలేదని కాదు, వేరే చోటికి వచ్చింది. మై ఆధార్ వెబ్‌సైటులోకి ఓటీపీతో వెళ్లి బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే బ్యాంకు పేరు కనిపిస్తుంది.

యాప్‌లు. ఇవీ రెండే. ఐపీపీబీ మొబైల్ బ్యాంకింగ్ ఒకటి, ఇండియా పోస్ట్ మొబైల్ బ్యాంకింగ్ ఇంకొకటి. ఐపీపీబీ యాప్ నుంచి సుకన్య సమృద్ధికీ, ఆర్డీకీ కట్టొచ్చు. అంతమాత్రాన అవి ఐపీపీబీ పథకాలు కావు, సేవింగ్స్ బ్యాంకువే. యాప్ పేరు తెలిసింది కదా అని ఎవరో పంపిన లింకు నొక్కకండి, ప్లే స్టోర్ నుంచే దించుకోండి.

ఐపీపీబీ సంగతి అడగాలంటే 155299కు, సేవింగ్స్ బ్యాంకు సంగతికి 1800 266 6868కు ఫోన్ చేయండి. ఓటీపీ, పిన్ ఏ నంబరువాళ్లకూ చెప్పొద్దు.