బిస్టూరీ: ఒక కత్తి ఊరూ పేరూ

ముక్కు శస్త్రచికిత్సలో వాడే కత్తులలో బిస్టూరీ ఒకటి. అలుగు సన్నగా, పొడుగ్గా, తిన్నగా గాని కొద్దిపాటి వంపుతో గాని ఉంటుంది. ఒక రకానికి కొసన గుండీవంటి మొద్దు బుడిపె ఉంటుంది. ముక్కురంధ్రంలో చోటు తక్కువ, చూపు సరిగా ఆనదు. బుడిపె ముందు నడుస్తుంది కనుక లోపలి పొరను గుచ్చదు. వెనుకనున్న వాదర కోయవలసిన మృదులాస్థి దగ్గర కోస్తుంది. 1898లో బెర్లినులో ముక్కు పరిమాణాన్ని తగ్గించే శస్త్రచికిత్స చేసిన జాక్ జోసెఫ్ పేరు కూడా ముక్కు కత్తులలో ఒకదానికి నిలిచిపోయింది.

బిస్టూరీ ఫ్రెంచి మాట. నేటికీ ఆ భాషలో శస్త్రవైద్యుని కత్తికి వాడుక పేరు ఇదే. అయితే 15వ శతాబ్దిలో దీని అర్థం బాకు. వైద్యుని చేతికి వచ్చింది తరువాతి శతాబ్దిలో. ప్రాణం తీసే పనిముట్టు పేరు ప్రాణం నిలిపే పనిముట్టుకు రావడం అర్థపరిణామంలో వింత కాదు. ఆకారం ఒకటైతే చాలు, పేరు వెంట వస్తుంది.

ఇక ఆ మాట పుట్టుక. ఇటలీలోని పిస్తోయా పట్టణం ఆయుధాల తయారీకి పేరుమోసింది. ఆ ఊరి బాకు పేరే ఉత్తర ఇటలీ మాండలికంలో మారి ఫ్రెంచిలోకి వచ్చిందని నిఘంటుకారులలో పలువురి ఊహ. ఊహ అందంగానే ఉంది. కాని పదాదిని పకారం బకారమైన తీరుకు గట్టి ధ్వనిసూత్రం కనిపించదు. పైగా పిస్టల్ అనే మాటను కూడా ఒకప్పుడు ఈ ఊరికే అంటగట్టారు; గొట్టం, పిల్లనగ్రోవి అని అర్థమిచ్చే చెక్ మాట నుంచి అది వచ్చిందని ఇప్పుడు ఎక్కువమంది అంగీకరిస్తున్నారు. పేరున్న ఊరు మాటలను తనవైపు లాక్కుంటుంది. బెజ్జానికీ బెజవాడకూ ముడిపెట్టే కథ మనవారికి కొత్త కాదు గదా! అందుచేత బాకు అనే తొలి అర్థాన్ని మేము నిశ్చయంగా తీసుకుంటాము, పిస్తోయాను సందేహంతోనే తీసుకుంటాము.

సుశ్రుతసంహితలోని ఇరవై శస్త్రాల పేర్లతో ఈ చిక్కు తక్కువ. మండలాగ్రానికి కొస గుండ్రన, వ్రీహిముఖానికి కొస వడ్లగింజ, ఉత్పలపత్రం కలువరేకు. పేరు వింటే రూపం కళ్ళకు కడుతుంది. ఊరితోనూ మనిషితోనూ పనిలేదు.

మన కత్తి సంగతి వేరు. దీనిని సంస్కృతంలోని కోయుట అనే అర్థమున్న ధాతువుకు కలపాలన్న కోరిక చాలామందికి కలుగుతుంది, ధ్వని దగ్గరగా ఉండడమే కారణం. కాని తమిళం, మలయాళం, కన్నడం, తుళు అన్నిటిలోనూ ఈ మాట ఉన్నది. బరో, ఎమెనోల ద్రావిడ పదకోశం దీనిని ద్రావిడ పదంగానే చేర్చింది. తమిళనాట, కర్ణాటకలో తరాలుగా ఉన్న మనవారికి ఇంట్లోనూ వీధిలోనూ కత్తి కత్తే. మహారాష్ట్రలో గడప దాటితే అది సురీ, ఒడిశాలో ఛురీ. ఆ రెండూ సంస్కృత క్షుర శబ్దానికి చుట్టాలు. క్షురమంటే మంగలికత్తి.