ఆడవాళ్ల పింఛన్ ఎప్పుడు మొదలవుతుంది?

ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛన్ వయసు 60 ఏళ్లు. 2019 వరకు 65 ఉండేది. ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి నెలకు రూ.4,000 ఇస్తున్నారు. అయితే 60 నిండగానే డబ్బు చేతికి రాదు. ప్రభుత్వం కొత్త దరఖాస్తులకు అవకాశం ఇచ్చినప్పుడే సచివాలయంలో తీసుకుంటారు.

ఇంకో చిక్కు, ఇంటికి ఒక్కటే పింఛన్. దివ్యాంగులకు మినహాయింపు ఉంది. మన ఇళ్లల్లో మగవాళ్లే వయసులో పెద్ద, కాబట్టి పింఛన్ ముందు ఆయన పేరునే పడుతుంది. పామూరులో అయినా కనిగిరిలో అయినా భార్యకు 60 దాటినా విడిగా రాదు. ఇది ఆమె ఎంచుకున్న ఆలస్యం కాదు.

భర్త చనిపోతే మాత్రం ఆమె వయసు 60 అయ్యేదాకా ఆగక్కర్లేదు. వితంతు పింఛన్ 18 ఏళ్లు దాటితే చాలు, మొత్తం కూడా అదే. ఆయన పింఛన్ తీసుకుంటూ చనిపోతే, 2024 నవంబరు నుంచి భార్యకు స్పౌజ్ కేటగిరీలో మంజూరు చేస్తున్నారు. మరణ ధ్రువపత్రం, ఆమె ఆధార్ కావాలి.

ఇక్కడే చాలామంది నష్టపోతున్నారు. ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు అయ్యాక చూద్దాంలే అంటారు. నాలుగు నెలలంటే రూ.16,000. వెనకటి నెలల డబ్బు ఇస్తారని నమ్ముకోవద్దు. ఆమె గడప దాటక్కర్లేదు, కొడుకో తమ్ముడో కాగితాలు పట్టుకెళ్లి సచివాలయంలో అడగొచ్చు. తలాక్, ఖులా అయినవాళ్లు అడగాల్సింది ఒంటరి మహిళ కేటగిరీలో, దాని నిబంధనలు వేరు.

వయసుకు ఆధారం ఆధార్ కార్డే. పెద్దవాళ్లలో చాలామందికి నోటి లెక్కతో జనవరి 1 అని రాయించారు. పుట్టిన తేదీ సాధారణంగా ఒక్కసారే మార్చుకోనిస్తారు, అదీ కాగితం ఉంటేనే. నానీకి 58 ఉన్నప్పుడే చూసుకోవడం మంచిది, 60 వచ్చాక పరుగెత్తడం కన్నా.

నిజంగా ఎంచుకునే వీలుండేది పీఎఫ్ కట్ అయ్యే ఉద్యోగాలు చేసినవాళ్లకు. పదేళ్ల సర్వీసు ఉంటే 58కి పూర్తి పింఛన్. ఉద్యోగం మానేసినవాళ్లు 50 నుంచే అడగొచ్చు, కానీ ముందుగా తీసుకున్న ప్రతి ఏడాదికీ 4 శాతం కోత. 58కి రూ.3,000 వచ్చేది 57కే మొదలుపెడితే రూ.2,880. ఆ కోత జీవితాంతం ఉంటుంది. 60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం ఎక్కువ వస్తుంది.