ఆదర్శ ఉష్ణయంత్రము – దక్షత

గ్రహించిన ఉష్ణములో ఎంత భాగమును యాంత్రికకార్యముగా మార్చఁగలదో తెలుపు నిష్పత్తియే ఉష్ణయంత్రముయొక్క దక్షత. ఫ్రెంచి ఇంజనీరు సాదీ కార్నో 1824లో ప్రకటించిన గ్రంథమున, ఘర్షణము గాని ఉష్ణనష్టము గాని లేక, ప్రతి దశయందును వెనుకకు మరలింపఁదగిన యంత్రమును భావించి, దాని దక్షత పనిచేయు పదార్థముపై గాక ఉష్ణ, శీతలాశయముల ఉష్ణోగ్రతలపై మాత్రమే ఆధారపడునని నిరూపించెను. ఆవిరియైనను గాలియైనను ఫలమొక్కటే యనుట ఆ కాలమునకు మిక్కిలి సాహసికమైన భావన. కెల్విన్, క్లాసియస్ల కృషిచే ఇది నేఁటి సూత్రమైనది: శీతలాశయపు పరమోష్ణోగ్రతను ఉష్ణాశయపు పరమోష్ణోగ్రతచే భాగించి, లబ్ధమును ఒకటినుండి తీసివేయఁగా మిగులునదే గరిష్ఠదక్షత.

ఈ సూత్రమును ఒక ఉదాహరణముచే చూతము. అవిభక్త గంజాం మండలమున, పర్లాకిమిడి సంస్థానాధీశుల పూనికచే నిర్మితమై 1900లో ప్రారంభమైన నౌపడా–పర్లాకిమిడి చిన్న రైలుమార్గముపై ఆవిరియంత్రములు నడిచెను. అట్టి యంత్రమున బాయిలరులోని ఆవిరి 180 డిగ్రీల సెంటీగ్రేడు, అనఁగా 453 కెల్విన్, వద్ద నున్నదనుకొందము. వాడిన ఆవిరి పొగగొట్టము గుండ నేరుగా గాలిలోనికి పోవును గనుక, అది 100 డిగ్రీలకు, అనఁగా 373 కెల్విన్‌కు, దిగువకు చల్లారి పనిచేయఁజాలదు. కావున ఆదర్శదక్షత నూటికి సుమారు 17.7 మాత్రమే. అదే ఆవిరిని, స్థిరముగా నిలిపిన యంత్రమున కండెన్సరుచే 40 డిగ్రీలవద్ద చల్లార్చినచో అది నూటికి 31 వరకు పెరుగును. ఘర్షణము, గోడలగుండ ఉష్ణనష్టము, బొగ్గు పూర్తిగా మండకపోవుట మొదలగు కారణములచే, ఆవిరి రైలుయంత్రముల వాస్తవదక్షత సాధారణముగా నూటికి పదింటికి లోపలనే యుండెను.