రాత్రి ఫొటోల్లో తెల్లటి గుండ్రాలు

గోదావరి డెల్టాలో రాయవరం లాంటి ఊళ్లలో కోతల కాలం వచ్చిందంటే చీకటి పడ్డాక కూడా కళ్లాల దగ్గర సందడే. ఆ రోజుల్లో సెల్‌ఫోన్లో ఫ్లాష్ వేసి తీసిన ఫొటోల్లో తెల్లటి గుండ్రాలు, పొగలాంటి మరకలు పడుతుంటాయి. వాటిని ఆత్మలని నమ్మేవాళ్లున్నారు. నమ్మకం సంగతి తేల్చేముందు, ఆ ఫొటో సాక్ష్యంగా ఎంతవరకు నిలుస్తుందో చూడాలి.

ఫోన్లో ఫ్లాష్‌కీ లెన్సుకీ మధ్య ఎడం ఒకటి రెండు సెంటీమీటర్లే. లెన్సు ముందు 5 సెంటీమీటర్ల దూరంలో ధూళి కణం ఎగురుతోందనుకుందాం. వెనక గోడ 5 మీటర్ల దూరంలో ఉంది. దూరం 100 రెట్లు పెరిగితే పడే వెలుగు 10,000 రెట్లు తగ్గుతుంది. అందుకే కంటికి ఆనని కణం కూడా ఫొటోలో మెరిసిపోతుంది. అంత దగ్గర ఫోకస్ కుదరదు కాబట్టి చుక్కగా ఉండాల్సింది పళ్లెంలా పరుచుకుంటుంది. దాని ఆకారం లెన్సు రంధ్రం ఆకారమే. ఫోన్లలో గుండ్రంగా ఉంటుంది, రేకులతో మూసుకునే రంధ్రమున్న కెమెరాల్లో పలకలు తేలి ఉండొచ్చు.

మన గాలిలో అలాంటి కణాలకు కొదవ లేదు. కార్తీకంలో సుడిదోమ, పచ్చదోమ దీపాలకు మూగుతాయి. నూర్పిళ్లప్పుడు ధాన్యం నూగు లేస్తుంది. పీచు మిల్లుల దగ్గర కొబ్బరి పొట్టు ఎగురుతుంది. పుష్యమాసంలో పొగమంచు సరేసరి. చలిగా ఉన్న తెల్లవారుజామున కాలవగట్టు మీద ఫొటో తీసేవాడి ఊపిరే ఆవిరై లెన్సు ముందు తేలవచ్చు. అందుకే ఫొటో తెచ్చినవాళ్లను ముందుగా అడగాల్సింది ఏ నెల, ఏ చోటు, గాలి ఎటు అని.

పరీక్ష ఎవరైనా చేయొచ్చు. చీకటి కొట్టంలో గోనెసంచి దులిపి, ఒకే చోట నిలబడి ఫ్లాష్‌తో ఒకటి, ఫ్లాష్ లేకుండా ఒకటి తీసి, గుండ్రాలు దేంట్లో పడ్డాయో చూడాలి. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే రెండు ఫోన్లను జానెడు ఎడంలో బిగించి ఒకేసారి నొక్కాలి. గుండ్రం ఒకదాంట్లోనే పడితే అది లెన్సు ముందరి కణమే అనడానికి బలం చేకూరుతుంది. రెండింట్లోనూ పడి, కొలిచి చూస్తే దూరంగా గోడ దగ్గరే ఉన్నట్టు తేలితే మాత్రం ఆగి ఆలోచించాల్సిందే. అప్పుడు కూడా రాయాల్సింది ‘కారణం తెలియలేదు’ అని. ‘ఆత్మ’ అని రాయడానికి ఇంకా చాలా కావాలి.

గుండ్రాలకంటే చిక్కయినవి, లోంచి గోడ కనిపించే మనుషుల ఫొటోలు. నైట్ మోడ్‌లో ఫోను వరసగా చాలా ఫ్రేములు తీసి ఒకటిగా కలుపుతుంది. ఆ వ్యవధిలో ఎవరైనా నడిచి వెళ్తే కొన్ని ఫ్రేముల్లోనే ఉంటారు, కాళ్లు మాయమైనట్టూ రావచ్చు. 2023 మార్చిలో శాంసంగ్ ఫోన్ల చందమామ ఫొటోలపై పెద్ద చర్చే జరిగింది. కావాలని మసకబార్చిన చందమామ బొమ్మను కంప్యూటర్ తెరమీద పెట్టి ఫొటో తీస్తే, తెరమీద లేని వివరాలు ఫొటోలో తేలాయి. కృత్రిమ మేధ సాయంతో వివరాలు మెరుగుపరుస్తున్నట్టు కంపెనీయే వివరించింది. చీకటి కిటికీలో ముఖం స్పష్టంగా ఉందంటే, ఆ స్పష్టత అక్కడిదా, సాఫ్ట్‌వేర్ చేర్చిందా అని అడగక తప్పదు.

ముఖాలు వెతకడం మన మెదడుకు అలవాటు. పీచు ఒలిచిన కొబ్బరికాయ చూడండి, రెండు కళ్లు, నోరు. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన కాంగ్ లీ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగంలో, ఏమీ లేని చుక్కల బొమ్మలు చూపి కొన్నింట్లో ముఖాలున్నాయని చెబితే, చూసినవాళ్లు దాదాపు మూడోవంతు సార్లు ముఖం కనిపించిందనే అన్నారు.

ఇక మోసం సంగతి. 1922లో ఇంగ్లండులో విలియం హోప్ అనే ‘ఆత్మల ఫొటోగ్రాఫర్’ని పరిశోధకుడు హ్యారీ ప్రైస్ రహస్య గుర్తులున్న ఫొటో ప్లేట్లతో పట్టుకున్నాడు. హోప్ తిరిగిచ్చిన ‘ఆత్మ’ ఫొటోలో ఆ గుర్తు లేదు, అంటే ప్లేటు మారింది. నేడు ఆ గుర్తు పని చేసేది అసలు ఫైలు. అందులో తేదీ, ఎక్స్‌పోజర్ సమయం, ఫ్లాష్ వెలిగిందో లేదో నమోదై ఉంటాయి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలు పోతాయి, బొమ్మ కూడా కుదించుకుపోతుంది. డాక్యుమెంటుగా పంపమని అడగాలి. దయ్యం బొమ్మలు అతికించే యాప్‌లూ ఉన్నాయి కాబట్టి, అదే భంగిమ వేరే ఫొటోల్లో ఉందేమో వెతకాలి.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఇలాంటి ఫొటో కింద ఎవరో ఒకరి పేరు చేరుతుందేమోనన్న భయం నాకుంది. మన రాష్ట్రంలో చిల్లంగి (చేతబడి) చేశారన్న అనుమానంతోనే మనుషుల్ని చంపిన ఘటనలున్నాయి. అలాంటి కేసులో ఫొటో కోర్టుకు వెళ్తే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కావాలి. అందులో ఫైలు నుంచి లెక్కగట్టే హాష్ విలువ రాయాలి. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ విలువ మారిపోతుంది. కాబట్టి ఫొటో తీసిన ఫోను, అందులోని అసలు ఫైలు తీసినవాళ్ల దగ్గరే చెరిపేయకుండా ఉండాలి.