బండి ఇరుసు నుంచి సీసా దాకా: మోకాలి నూనె కథ

మన ఇళ్లల్లో పెద్దవాళ్ల మంచం పక్కన ఒకసారి చూడండి. కళ్లజోడు, బీపీ మాత్రలు, వాటి పక్కనే ఒక నూనె సీసా. మోకాళ్లకి రాసుకునేది. ఇటు మన ఫోన్ తెరిస్తే ఒక యాడ్. మన ఋషులు చెప్పిన తైలం, పదిహేను రోజులు రాస్తే అరిగిపోయిన గుజ్జు మళ్లీ పెరుగుతుంది అని. ఋషులు నిజంగా అలా చెప్పారా? ఈ ఎపిసోడ్‌లో అదే చూద్దాం.

ముందు మాట సంగతి. ‘తైలం’ అనే సంస్కృత పదం ‘తిల’ నుంచి వచ్చింది. తిల అంటే నువ్వులు. మన ‘నూనె’ కూడా అలాంటిదే, నువ్వు, నెయ్యి కలిసి పుట్టిన మాట. అంటే మొదట్లో నూనె అంటే నువ్వుల నూనే. ఆ తర్వాతే కొబ్బరి, ఆముదం, వేరుశనగ అన్నిటికీ ఆ పేరు పాకింది. వాతానికి నూనెల్లో ఏది మేలు అంటే పాత వైద్య గ్రంథాలు ముందు చెప్పేది కూడా నువ్వుల నూనే.

ఒంటికి నూనె పట్టించడాన్ని అభ్యంగం అంటారు. చరక సంహిత సూత్రస్థానంలో దీనికి ఒక పోలిక ఉంది. నూనె పీల్చిన కుండ, నూనెతో మర్దించిన తోలు, కందెన వేసిన బండి ఇరుసు ఎలా గట్టిపడతాయో, రోజూ నూనె పట్టించిన ఒళ్లు కూడా అలా గట్టిపడుతుందట. ఎడ్లబండి తోలినవాళ్లకి ఇది చెప్పగానే అర్థమవుతుంది. కందెన లేని ఇరుసు కీచుమంటుంది, మోకాలు కూడా అంతే కదా అనిపిస్తుంది.

కానీ ఈ పోలిక ఎక్కడ వస్తుందో చూడాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రోజూ ఏం చేయాలో చెప్పే అధ్యాయంలో వస్తుంది. జబ్బుకి మందు చెప్పే చోట కాదు. పైగా ఇరుసుకి కందెన నేరుగా తగులుతుంది. మనం గుజ్జు అనేది ఎముకల చివర ఉండే మృదులాస్థి. చర్మం మీద రాసిన నూనె అక్కడిదాకా వెళ్లి కందెన పని చేయదు.

మరి జబ్బు గురించి ఏమన్నారు? వాతవ్యాధుల అధ్యాయంలో చరకుడు కీలులో చేరిన వాతాన్ని వర్ణించాడు. తాకితే గాలి నింపిన తోలుతిత్తిలా వాపు, కాలు ముడిచినా చాచినా నొప్పి. సుశ్రుతుడు ఇలాంటి వాతానికి నూనె, వేడి కట్లు, మర్దన, చివరికి వాత పెట్టడం కూడా చెప్పాడు. అంటే నూనె ఒక్కటే చాలని ఆయన వదిలేయలేదు. ఇంకో సంగతి. పుట్టుకతోనే మొండివైన ఎనిమిది మహావ్యాధుల జాబితా సుశ్రుత సంహితలో ఉంది. అందులో మొదటి పేరు వాతవ్యాధి. ఆ వైద్యులు ఇది లొంగడం కష్టం అని రాసిపెట్టారు. యాడ్ వాళ్లు పదిహేను రోజులు అంటున్నారు.

ప్రతి మోకాలికీ నూనె పనికిరాదని కూడా వాళ్లకి తెలుసు. మాధవనిదానంలో ‘ఆమవాతం’ అని వేరే జబ్బుగా విడదీశారు. ఇవాళ చాలామంది దాన్ని రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో పోలుస్తారు. 11వ శతాబ్దపు చక్రపాణిదత్తుడు దానికి నూనె మర్దన కాకుండా వేడి ఇసుక మూటతో పొడి కాపడం చెప్పాడు. కొత్తగా జ్వరం వచ్చినా, అజీర్ణం చేసినా అభ్యంగం వద్దని సుశ్రుతంలోనే ఉంది.

ఇక తయారీ. శార్ఙ్గధర సంహితలో కొలత ఇలా ఉంటుంది. మూలికల ముద్ద ఒక వంతు, నూనె 4 వంతులు, కషాయం లాంటి ద్రవం 16 వంతులు. ఆ నీరంతా ఇగిరేదాకా సన్న మంట మీద కాచాలి. ముద్దని వేళ్లతో నలిపితే వత్తిలా రావాలి, నిప్పులో వేస్తే చిటపటలాడకూడదు. చిటపట వచ్చిందంటే ఇంకా తడి ఉన్నట్టు. మన ఊళ్లల్లో పద్ధతులు ఇంకా తేలిక. వావిలాకు వేసి కాచిన నీళ్లు పోయడం, ఆముదం రాసి వెచ్చచేసిన ఆకు కట్టడం, ఉప్పు మూటతో కాపడం. పెద్ద గ్రంథమైనా, పల్లెటూరి పద్ధతైనా ఒకటి మాత్రం ఉంటుంది. ఇంకో మనిషి పక్కన కూర్చుని, వెచ్చచేసి, చేత్తో రుద్దాలి.

ఆ చేతి పని సముద్రం కూడా దాటింది. 1759లో పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ ఇంగ్లండ్ వెళ్లి, బ్రైటన్ ఊళ్లో మూలికల ఆవిరి స్నానం, ఒళ్లు పట్టడం మొదలుపెట్టాడు. మనం తలకి వాడే ‘షాంపూ’ అనే మాట హిందీ ‘చాంపో’ నుంచి వచ్చిందే, అప్పట్లో దానర్థం మర్దన. కీళ్లు పట్టేసినవాళ్లు ఆయన దగ్గరికి క్యూ కట్టారు. నాలుగో జార్జ్, నాలుగో విలియం రాజులకి కూడా ఆయనే మర్దన నిపుణుడు. 1822లో పుస్తకం కూడా వేశాడు. నయమై వెళ్లినవాళ్లు వదిలేసిన ఊతకర్రల్ని తన స్నానశాలలో ప్రదర్శనకి పెట్టాడు. ఒక్కసారి ఆలోచించండి. నయం కానివాళ్లు కర్రతోనే వెళ్లిపోయి ఉంటారు కదా, వాళ్ల కర్రలు అక్కడ కనపడవు. ఇప్పుడు యాడ్ కింద కనిపించే ఫైవ్ స్టార్ రివ్యూలు కూడా ఆ కర్రల్లాంటివే.

ఆ తర్వాత సీసాల కాలం వచ్చింది. 1893లో మన కృష్ణా జిల్లా మనిషి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. అది నూనె కాదు, బామ్. కానీ నొప్పికి రాసుకునే మందు జేబులో పెట్టుకుని తిరగొచ్చని జనానికి అలవాటు చేసినవాటిలో అదొకటి. 1902లో కేరళలో పి.ఎస్. వారియర్ కొట్టక్కల్ ఆర్య వైద్యశాల పెట్టారు. అంతకుముందు వైద్యుడు మూలికలు చెబితే ఇంట్లోవాళ్లే కాచుకునేవాళ్లు. ఆయన తయారు మందులు అందించారు. ఓపిక లేనివాళ్లకి, మూలికలు దొరకనివాళ్లకి ఇది పెద్ద మేలు. కాకపోతే సీసాలో నూనె వచ్చింది గానీ, రుద్దే చేయి రాలేదు.

ఆ చేతికి ఎంత విలువ ఉందో ఈమధ్య కొలిచి చూశారు. 2019లో అమెరికాలో మోకాలి ఆర్థరైటిస్ ఉన్న 222 మంది మీద చేసిన అధ్యయనం వచ్చింది. వారానికి గంట చొప్పున 8 వారాలు మర్దన చేయించుకున్నవాళ్లకి, ఊరికే చేయి వేయించుకున్నవాళ్ల కంటే నొప్పి, బిగుతు తగ్గాయి. ఏడాది తిరిగేసరికి ఆ తేడా నిలబడలేదు. అది మూలికల నూనె పరీక్ష కాదు, స్వీడిష్ మసాజ్. అదే ఏడాది అమెరికా కీళ్ల వైద్యుల సంఘం తన మార్గదర్శకాల్లో వ్యాయామాన్ని, బరువు తగ్గడాన్ని గట్టిగా చెప్పింది, మసాజ్‌ని మాత్రం సిఫారసు చేయలేదు. అంటే మర్దన కొన్నాళ్లు ఉపశమనం ఇస్తుంది, గుజ్జుని తిరిగి తేదు.

మన దేశంలో 1954 నాటి చట్టం ఒకటి ఉంది, అభ్యంతరకరమైన మందుల ప్రకటనల మీద. ఫలానా జబ్బులు నయం చేస్తామని యాడ్ ఇవ్వకూడదని అందులో జాబితా ఉంది. రుమాటిజం పేరు ఆ జాబితాలోనే ఉంది.

కాబట్టి నూనె సీసా పారేయమని నేననను. మీ అమ్మమ్మకో తాతయ్యకో సాయంత్రం పది నిమిషాలు గోరువెచ్చటి నూనె మీరే రాయండి. తర్వాత చేయి పట్టుకుని నాలుగు అడుగులు వేయించండి. మోకాలు ఎర్రగా, వేడిగా వాచినా, జ్వరం ఉన్నా, ఒక పిక్క హఠాత్తుగా వాచినా రుద్దొద్దు, డాక్టర్‌ దగ్గరికి తీసుకెళ్లండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే అడగండి. ఆపరేషన్ అవసరమన్న మోకాలిని మాత్రం యాడ్ చూసి వాయిదా వేయకండి. పోయేది వాళ్ల నడక.

ఈ ఎపిసోడ్ ఇంట్లో పెద్దవాళ్లకి కూడా వినిపించండి.