ఉత్సాహం, ఆవేశం, ఆత్రం

విమర్శలో మనం వాడే మాటలు కొన్ని తీర్పును తమలోనే దాచుకొని వస్తవి. కావ్యంలో ఉత్సాహం ఉన్నదంటే మెప్పు. ఆవేశం ఉన్నదంటే సగం నింద. కవి ఆత్రపడ్డాడంటే ఇక చెప్పనక్కరలేదు. మూడూ దగ్గరి అర్థాల మాటలే గదా. మనస్సు ఒకదానిమీద లగ్నమై నిలవలేకపోవటమే మూడింటిలోనూ ఉన్నది. మరి ఈ హెచ్చుతగ్గులు ఎక్కడివి?

ఉత్సాహం రాజనీతిలో పెరిగిన మాట. కౌటిల్యుని అర్థశాస్త్రంలో రాజుకు చెప్పిన మూడు శక్తులలో అదొకటి. పూర్వాచార్యులు ప్రభుశక్తికంటె దానికే పెద్దపీట వేయగా, కోశమూ దండమూ గల ప్రభుశక్తే మేలని కౌటిల్యుడు ఖండించాడు. లెక్క తెలిసిన మనిషి! నాట్యశాస్త్రం ఉత్సాహాన్ని వీరరసానికి స్థాయిని చేసి, ఆ రసం ఉత్తమ ప్రకృతులదని షరతు పెట్టింది. నాగలి పట్టినవాని పట్టుదలకు అందులో చోటెక్కడ? దేవతలు, యక్షులు, భూతాలు మనిషిని పట్టటాన్ని మాత్రం అదే గ్రంథం అపస్మారానికి, అంటే మూర్ఛకు, కారణాలలో చేర్చింది.

ఆవేశమంటే లోపల ప్రవేశించటమే. పల్లెల్లో దాని పేరు పూనకం. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి బోనాల మరునాడు జరిగే 'రంగం'లో ఒక స్త్రీ పచ్చి కుండమీద నిలబడి భవిష్యం చెపుతుంది. జాతర సరిగా జరపలేదని నిలదీసిన సందర్భాలూ ఉన్నవి. పెద్దలు చేతులు కట్టుకొని వింటారు. దీన్ని మూఢవిశ్వాసమని తోసివేయటం సులభం; నేనూ నమ్మను. కాని ఏడాది పొడుగునా మాట చెల్లనివారికి ఒక్క పూటైనా మాట చెల్లేది ఈ ఆవేశం పేరనే.

ఇంగ్లీషువారి 'ఎంతూజియాజం' కథా ఇటువంటిదే. లోన దేవుడున్న స్థితి అని గ్రీకులో దాని మూలార్థం. పదిహేడవ శతాబ్దపు అంతర్యుద్ధ కాలంలో చేతిపనివారు సైతం దేవుడు తమతోనే మాట్లాడుతున్నాడంటూ బోధకులయ్యేసరికి అది తిట్టుమాటయింది. లాక్ 1700లో తన గ్రంథపు నాలుగవ కూర్పులో దాన్ని ఖండిస్తూ ఒక అధ్యాయమే చేర్చాడు. 1739లో వెస్లీ బ్రిస్టల్ దగ్గర బొగ్గుగని కూలీలకు ఆరుబయట బోధించాడు. 1749లో లావింగ్టన్ బిషప్పు మెథడిస్టులమీద రాసిన పుస్తకం పేరులోనే ఆ తిట్టు ఉన్నది. పైవారి భయం తీరిన తరువాతనే కాబోలు, ఆ మాటకు మర్యాద దక్కింది. మనవారు దాన్ని తెలుగు చేస్తూ ఉత్సాహమన్నారే గాని పూనకమనలేదు.

ఇక ఆత్రం. ఆతురుడంటే రోగి, ఆతురశాల అంటే ఆసుపత్రి. ఆకలిగొన్నవాడు విస్తరి ముందు తొందరపడితే వాణ్ణి రోగిని చేసింది మన భాష. 'ఆత్రగాడికి బుద్ధి మట్టు' అన్న సామెత కడుపు నిండినవాడే కట్టి ఉంటాడు.

1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిన తరువాత మన కవులమీద తరచు వినిపించిన అభియోగం 'వట్టి ఆవేశం'. మాది ఆవేశం కాదు, ఆలోచనేనని మనవారు కొందరు సంజాయిషీ చెప్పుకొన్నారు. అవతలివారి నిఘంటువును ఒప్పుకోవటమే అది. గేయం బలహీనమైతే ఏ పాదం కుంటిదో, ఏ పోలిక అరువుదో చూపవచ్చు. అటువంటివి మనలో లేకపోలేదు. అంత శ్రమ పడకుండా కూలీవాని పాటను ఆవేశమని కొట్టివేసిన విమర్శకుడే, ప్రబంధ నాయకుని దండయాత్ర దగ్గరికి వచ్చేసరికి, వీరరసం, ఉత్సాహం స్థాయి అని రాసుకొంటాడు.